పాఠం వినకుండానే పంతులు ఉద్యోగం

ఒక పిల్ల పలక మీద 52లోంచి 37 తీసేసి 25 అని రాసింది. తప్పని ఎవరైనా చెప్తారు. ఎందుకు తప్పిందో పట్టుకోగలిగినవాడే టీచర్. ఆ పిల్లకి తీసివేత రాక కాదు. పెద్ద అంకెలోంచే చిన్న అంకె తీయాలని ఎవరో చెప్పిన మాటను గట్టిగా పట్టుకుంది. ఏడులోంచి రెండు తీస్తే ఐదు, ఐదులోంచి మూడు తీస్తే రెండు. తన పద్ధతిలో తను ఏ పొరపాటూ చేయలేదు. ఇప్పుడు ఆమె చేతికి పదేసి పుల్లల కట్టలు ఇవ్వాలా, పది రూపాయల నోటును చిల్లరగా మార్పించాలా, 37 నుంచి 52 దాకా అడుగులు లెక్కపెట్టించాలా అన్నది టీచర్ అక్కడికక్కడే తేల్చుకోవాలి. అవతల ఇంకో ముప్ఫై మంది గోల చేస్తుండగా.

ఈ పని వచ్చో రాదో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచర్), స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు ఒక్కసారి కూడా చూడరు. ఇంటర్ తర్వాత డీఈఎల్ఈడీ (పాత పేరు డీఎడ్, ప్రాథమిక టీచర్ శిక్షణ) సీటుకి ఎంట్రన్స్, డిగ్రీ తర్వాత బీఈడీ సీటుకి ఎడ్‌సెట్. అవి అయ్యాక టెట్ అనే అర్హత పరీక్ష, 150 బిట్లు, అంటే నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు. ఆపైన ఉద్యోగానికి ర్యాంకు తేల్చే డీఎస్సీ, 160 బిట్లు, బిట్టుకి అర మార్కు. ఆ 80 మార్కులకి టెట్ వెయిటేజీ 20 కలిపి, రిజర్వేషన్ రోస్టర్ చూసి, కౌన్సెలింగ్‌లో ఊరి పేరు చేతిలో పెడతారు. ఇన్ని గేట్లు దాటిన మనిషి గొంతు కూడా ఎంపిక చేసిన వాళ్లెవరికీ తెలియదు.

ఇక మన చర్చ అంతా ఎవరికి ఏ డిగ్రీ ఉండాలన్న దాని చుట్టూనే తిరుగుతోంది. ప్రాథమిక తరగతులకి బీఈడీ వాళ్లు అర్హులేనని 2018లో ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నోటిఫికేషన్ ఇచ్చింది. కాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు వచ్చినప్పుడు డీఎడ్ వాళ్లు స్వీట్లు పంచుకున్నారు, బీఈడీ వాళ్లు రోడ్డెక్కారు. తీర్పులోని అసలు మాట మాత్రం రెండు వైపులా ఎవరూ పట్టించుకోలేదు. చిన్నపిల్లలకి చదువు చెప్పడం వేరే విద్య, దానికి ప్రత్యేక శిక్షణ కావాలన్నది కోర్టు చెప్పిన కారణం. నూటికి నూరు పాళ్లు నిజం. మరి ఆ ప్రత్యేక విద్య అభ్యర్థికి అబ్బిందో లేదో మనం దేంతో కొలుస్తున్నాం? మళ్లీ అవే బిట్లతో.

2025 సెప్టెంబరు 1న వచ్చిన తీర్పు సంగతీ అంతే. ఇప్పటికే సర్వీసులో ఉండి, రిటైర్మెంట్‌కి ఐదేళ్లకు మించి సమయం ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని కోర్టు చెప్పింది. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు కొనసాగవచ్చు కానీ, టెట్ లేనిదే ప్రమోషన్ లేదు. విద్యాహక్కు చట్టాన్ని, 2010 నాటి ఎన్‌సీటీఈ నోటిఫికేషన్‌ని ముందు పెట్టుకుని చదివితే కోర్టును తప్పు పట్టలేం. కానీ ఇరవై ఏళ్లు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించిన టీచర్‌కి పని వచ్చో రాదో తెలుసుకోవాలంటే ఆవిడ క్లాసులో వెనక బెంచీ మీద అరగంట కూర్చుంటే సరిపోతుంది. ఆవిడని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పియాజే అనే మనస్తత్వవేత్త చెప్పిన మూర్త ప్రచాలక దశ (పిల్లలు కళ్లెదుటి వస్తువులతో తర్కించగలిగే దశ) ఏ వయసులో మొదలవుతుందని అడుగుతున్నాం.

పియాజే మీద నాకు కోపమేమీ లేదు. 52లోంచి 37 తీయలేని పిల్లకి పుల్లల కట్టలు ఎందుకివ్వాలో అర్థం కావాలంటే ఆయన చాలా పనికొస్తాడు. బిట్టుగా మారగానే ఆయనా పనికిరాకుండా పోతాడు, అదీ నా బాధ. దశ పేరు, వయసు, పక్కన గుర్తుండటానికి ఒక కోడ్ మాట, అంతే. లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యావేత్త 1986లో ఒక సంగతి పైకి తీశాడు. సబ్జెక్టు తెలియడం ఒకటి, బోధనా పద్ధతులు తెలియడం మరొకటి. ఈ రెండూ కలిసి, ఫలానా పాఠం ఫలానా పిల్లలకి ఎక్కడ అడ్డం పడుతుందో తెలియడం మూడోది. టీచర్‌ని టీచర్‌గా నిలబెట్టేది ఆ మూడోదే. మన టెట్‌లో మొదటి రెండూ విడివిడిగా ఉంటాయి. శిశు వికాసానికి 30 బిట్లు, లెక్కలకి 30 బిట్లు. మూడోది నాలుగు ఆప్షన్ల మధ్య ఇమడదు.

శిక్షణలో ఇంటర్న్‌షిప్ ఉంది కదా అంటారు. ఉంది. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది, అందులో 20 వారాలు బడిలో గడపాలి. కాగితం మీద ఎంత బావుందో! బడికి వెళ్లకుండానే హాజరు పడే కాలేజీలు ఉన్నాయని, లెసన్ ప్లాన్ రికార్డులు డబ్బులిస్తే రాసిపెట్టేవాళ్లు ఉన్నారని బీఈడీ చదివిన ఎవరిని అడిగినా నవ్వుతూ చెప్తారు. దేశంలో పదివేలకు పైగా ఉన్న విడి ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో ఎక్కువ భాగం శిక్షణ మాట అటుంచి డిగ్రీలు అమ్ముకుంటున్నాయని ఉపాధ్యాయ శిక్షణపై వేసిన జస్టిస్ వర్మ కమిషన్‌ని ఉటంకిస్తూ జాతీయ విద్యావిధానమే 2020లో రాసుకుంది. దానికి మందుగా నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు తెచ్చారు, 2030 నాటికి అదే కనీస అర్హత అంటున్నారు. తేనివ్వండి. కానీ ఇంటర్న్‌షిప్ మార్కు డీఎస్సీ ర్యాంకులో అర మార్కు కూడా కదిలించనప్పుడు, ఇంటర్న్‌షిప్ ఎగ్గొట్టి బిట్లు చదివేవాడే తెలివైనవాడు. కోర్సు నాలుగేళ్లయినా పద్నాలుగేళ్లయినా ఇందులో తేడా రాదు.

పైగా నోటిఫికేషన్ల మధ్య ఎడం చూడండి. తెలంగాణలో 2017 టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి ఆ పేరు) తర్వాత మళ్లీ 11,062 పోస్టులకి పరీక్ష జరిగింది 2024లో. ఆంధ్రలో 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వచ్చింది 2025లో. 1998 డీఎస్సీలో నెగ్గినా ఉద్యోగం రాని వాళ్ల కథ సరేసరి, పాతికేళ్లకి కాంట్రాక్టు పద్ధతిలో పిలుపొస్తే కొందరు మనవల్ని ఎత్తుకుని వచ్చే వయసులో ఉన్నారు. ఈ ఏడేళ్లూ అభ్యర్థి ఎక్కడున్నాడు? అవనిగడ్డలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్ గదిలో, గ్రాండ్ టెస్టుల మధ్య. అదే ఏడేళ్లు ఏ చిన్న ప్రైవేటు బడిలోనో పిల్లలతో తంటాలు పడ్డవాడికి డీఎస్సీలో ఒక్క మార్కు కలవదు సరికదా, చదువుకి టైము దొరక్క ఉన్న ర్యాంకూ పోతుంది. పాఠం చెప్పినందుకు శిక్ష పడే టీచర్ ఎంపిక మనది.

ఎంపికలో అభ్యర్థి చేత పాఠం చెప్పించి చూడాలి, అంటే డెమో పెట్టాలి అంటాను. డెమో పెడితే సిఫార్సులు మొదలవుతాయి, లంచాలు మొదలవుతాయి, కూలి పని చేసి చదివించిన తండ్రి కొడుక్కి అన్యాయం జరుగుతుంది అనేవాళ్లున్నారు. ఈ భయాన్ని తీసిపారేయను. ఇంటర్వ్యూ మార్కుల పేరుతో ఈ నేల మీద జరిగినవి అందరికీ గుర్తే. కంప్యూటర్ ఇచ్చిన మార్కుని ఏ ఎమ్మెల్యే లెటరూ మార్చలేదు, పేదింటి పిల్లలకి అది నిజంగా పెద్ద అండ. అందుకే డెమోకి మార్కులు వద్దంటాను, పాస్ లేదా ఫెయిల్ చాలు. రాతపరీక్ష ర్యాంకు ర్యాంకుగానే ఉండాలి. పాఠం మొత్తం వీడియో తీయాలి, ఫెయిలైనవాళ్లు వేరే జిల్లా బృందంతో మళ్లీ చూపించుకునే హక్కు ఉండాలి.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. టీచర్ల నియామకంలో క్లాస్‌రూమ్ డెమో లేదా ఇంటర్వ్యూ అంతర్భాగం కావాలని 2020 విద్యావిధానమే చెప్పింది. కేంద్రీయ విద్యాలయాల 2022 నియామకాల్లో రాతపరీక్ష తర్వాత డెమో పెట్టారు. తెలంగాణ గురుకులాల్లో జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులకీ పెట్టారు. అంటే మన దగ్గర సొంతంగా పుస్తకం చదువుకోగల ఇరవై ఏళ్ల కుర్రాడికి పాఠం చెప్పాలంటే డెమో కావాలి, ఇంకా అ ఆ లు రాని ఐదేళ్ల పిల్లకి చెప్పాలంటే అక్కర్లేదు. ఎవరికి ఎక్కువ అవసరమో తలకిందులుగా పెట్టుకున్నాం.

దీని వెనకున్న జబ్బు టీచర్ ఉద్యోగాలకే పరిమితం కాదు. మనకి మనిషి తీర్పు మీద నమ్మకం పోయింది. డాక్టర్ కావాలన్నా, ఇంజనీర్ కావాలన్నా, గ్రామ సచివాలయంలో గుమాస్తా కావాలన్నా ముందు బబుల్ నింపాలి, లేదా మౌస్ నొక్కాలి. పక్కవాడు పక్షపాతం చూపిస్తాడన్న భయంతో, చూడగలిగే కళ్లన్నీ మూసేసి యంత్రానికి అప్పగించాం. యంత్రం కొలవగలిగిందే చదువు అనుకోవడం అలవాటైపోయింది. బిట్లు నమిలి ఉద్యోగం తెచ్చుకున్న టీచర్ రేపు క్లాసులో ఏం చేస్తాడు? 25 రాసిన పిల్ల పలక మీద ఇంటూ మార్కు పెట్టి, సరైన జవాబు 15 అని చెప్తాడు. ఎందుకు అని అడిగితే ‘గుర్తుపెట్టుకో’ అంటాడు. తను నెగ్గిన పద్ధతి అదే కదా, ఆ పిల్లని కూడా దాంతోనే నెగ్గించాలని చూస్తాడు. ఆ పిల్ల ఇంటర్‌కి వచ్చేసరికి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్‌కి సరిగ్గా సరిపోయేలా తయారవుతుంది.

వేల మందికి డెమో పెట్టడం అయ్యే పనేనా అని అధికారులు అడుగుతారు. లెక్క వేద్దాం. 2024 తెలంగాణ డీఎస్సీనే తీసుకుంటే, 11,062 పోస్టులకి ఒక్కోదానికి ఇద్దర్ని పిలిచినా 22,124 మంది. 33 జిల్లాలకి పంచితే సగటున జిల్లాకి 670. పక్క జిల్లా హెడ్మాస్టర్లు ఇద్దరు, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లెక్చరర్ ఒకరు కలిసిన బృందం రోజుకి పదిహేను పాఠాలు చూడగలదు, మనిషికి అరగంట చొప్పున. జిల్లాకి అలాంటి బృందాలు ఐదు ఉంటే తొమ్మిది రోజుల్లో అయిపోతుంది. ఆ ఏడాది డీఎస్సీ రాతపరీక్షలు జులై 18న మొదలై ఆగస్టు 5 దాకా నడిచాయి.