ఆట ముగిశాక ముందు తెరవాల్సింది నోటుబుక్కు

చెస్ టోర్నీలో రౌండు ముగిసి పావుగంట కాకముందే స్కోర్‌షీటులోని ఎత్తులన్నీ ఫోన్లోకి ఎక్కిపోతాయి. ఎత్తుల మంచిచెడ్డలు లెక్కగట్టే ఇంజిన్, అంటే స్టాక్‌ఫిష్ అనే ప్రోగ్రాం, తప్పుటెత్తులకు ఎర్ర గుర్తులు పెడుతుంది. 'ఇదిగో, ఇక్కడ పోయింది' అంటాడు తండ్రి. పిల్లవాడు తలూపుతాడు. విశ్లేషణ అయిపోయినట్టే. కర్నూలు, అనంతపురం, కడపల నుంచి టోర్నీలకు వెళ్లే పిల్లల్లో చాలామంది ఇళ్లలో జరుగుతున్నది ఇదే. రేటింగు 1500, 1600 దగ్గర ఏళ్ల తరబడి కదలకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం కూడా ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సింగపూర్‌లో 2024 డిసెంబర్ 12న, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గుకేశ్, డింగ్ లిరెన్‌ల మధ్య జరిగిన పద్నాలుగో గేమ్ అందరికీ గుర్తే. స్కోరు 6.5–6.5. డింగ్‌వి తెల్లపావులు, గుకేశ్‌వి నల్లవి. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువే, కానీ రూకులూ బిషప్‌లూ బోర్డు మీద ఉన్నంతసేపు డింగ్ లిరెన్‌కు డ్రా చేతిలోనే ఉంది. 55వ ఎత్తులో డింగ్ తన రూకును ఎఫ్2లో పెట్టాడు. ఫోన్లో చూస్తే దానికి ఒక ఎర్ర గుర్తు, అంతే. అదే స్థితిని బోర్డు మీద వేసి, పిల్లవాణ్ని కూర్చోబెట్టి, రూకులు మారితే తర్వాత ఏమవుతుందో చెప్పమనండి. తెల్ల బిషప్ ఏ8 మూలలో ఉంది. దానికి ఉన్నది ఒక్కటే దారి, ఏ8 నుంచి హెచ్1 దాకా పోయే వాలు వరుస. నల్ల బిషప్ డి5కి వచ్చి ఆ దారికి అడ్డంగా నిలబడితే, కొట్టినా కొట్టకపోయినా బిషప్‌లు మారిపోవాల్సిందే. తర్వాత నల్లరాజు ముందు డి5కి, ఆపైన ఈ5కి వస్తాడు. మిగిలేది రాజులూ బంట్లే, అందులోనూ ఎదుటివాడికి ఒక బంటు ఎక్కువ. 58వ ఎత్తు దగ్గర డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఒక జత మార్చే ముందు రెండో జత సంగతేమిటో చూడాలి, ఆ తర్వాత బంట్ల లెక్క వేయాలి. పాఠం అది. ఎర్ర గుర్తులో ఈ పాఠం ఎక్కడుంది? గుకేశ్‌కే అది వెంటనే తట్టలేదు, కొన్ని క్షణాలు పట్టిందని ఆట తర్వాత తనే చెప్పాడు. ఆ కొన్ని క్షణాల్లో పనికొచ్చేది సొంతంగా లెక్కవేసే అలవాటే.

గుకేశ్ చిన్నప్పటి కోచ్ విష్ణు ప్రసన్న ఆ అలవాటు కోసమే, శిష్యుడు 2500 రేటింగు దరిదాపులకు చేరేదాకా ఇంజిన్‌ని దగ్గరికి రానివ్వలేదు. ఇదేమీ రహస్యం కాదు, పత్రికలన్నిట్లో వచ్చింది. అయినా మనం గుకేశ్ ఫొటో గోడకు తగిలిస్తాం, అతను నేర్చుకున్న తీరును వదిలేస్తాం.

నిజానికి పని టోర్నీ హాల్లోనే మొదలవుతుంది. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్ల అదనం ఉన్న ఆటలో చివరిదాకా ఎత్తులు రాయాల్సిందే. వాటి పక్కన గడియారంలో మిగిలిన నిమిషాలు రాసుకోవడానికీ నిబంధనలు ఒప్పుకుంటాయి. మన పిల్లల షీట్లలో ఆ నిమిషాలు మాత్రం కనపడవు. అవి లేకపోతే ఏం పోతుందంటే: 38వ ఎత్తులో గుర్రం పోయిందని ఫోను చెబుతుంది, కానీ 22వ ఎత్తుకే నాలుగు నిమిషాలు మిగిలాయనీ, మిగతా సమయమంతా 9 నుంచి 14వ ఎత్తు దాకా, అర్థం తెలియకుండా బట్టీపట్టిన ఓపెనింగ్‌లో (ఆట ఆరంభపు ఎత్తుల్లో) కరిగిపోయిందనీ చెప్పదు. జబ్బు తొమ్మిదో ఎత్తులో ఉంటే మందు 38కి వేస్తున్నాం.

ఆట కాగానే హాలు బయట ఎదుటి ఆటగాడితో ఓ పావుగంట మాట్లాడాలి. మన కంటికి ఆనని బెదిరింపు అతనికి కనిపించి ఉంటుంది. రాత్రికి బోర్డు వేసి, మంత్రులు మారిన చోటు, బంట్ల వరుస విరిగిన చోటు, పది నిమిషాలకు మించి ఆలోచించిన చోటు, ఇలా మూడు నాలుగు స్థితులు ఏరుకోవాలి. ఒక్కోచోట ఏ ఎత్తులు తోచాయి, దేనికి భయపడి వదిలేశాడో పిల్లవాడు తన మాటల్లో నోటుబుక్కులో రాయాలి. ఇదంతా అయ్యాకే ఇంజిన్, అదీ ఆ స్థితుల వరకే. ఇంజిన్ చూపే 0.3 తేడాలు, అంటే ఒక బంటు విలువలో మూడో వంతు కూడా లేనివి, 1500 రేటింగు స్థాయిలో పట్టించుకోవాల్సినవి కావు. ఇంజిన్ చూపిన దారి పది కచ్చితమైన ఎత్తుల మీద నిలబడేదైతే దాన్నీ పక్కన పెట్టాలి, ఆ దారిలో పిల్లవాడు మూడో ఎత్తుకే తప్పిపోతాడు.

కడపలోనో ఆదోనిలోనో గ్రాండ్‌మాస్టర్ కోచ్ ఎక్కడ దొరుకుతాడు, ఉచితంగా దొరికే ఇంజినే కదా మా పిల్లలకు గురువు అంటారు తల్లిదండ్రులు. బాధ నిజమే. కానీ కోచ్ లేని పిల్లవాడికే ఈ నోటుబుక్కు ఎక్కువ అవసరం. 'ఎందుకు ఆడావు' అని కోచ్ అడుగుతాడు, ఇంజిన్ అడగదు. ఆ ప్రశ్న వేసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

అసలు ఈ తొందర చెస్‌లో పుట్టింది కాదు. ఇంటర్ రెండేళ్లూ బిట్ బ్యాంకులు, పరీక్ష రాసిన సాయంత్రమే కీ, ఎన్ని తప్పాయో లెక్క, మర్నాడు ఇంకో పరీక్ష. తప్పిన లెక్క ఎక్కడ తప్పిందో చూసే తీరిక ఏ కాలేజీ టైంటేబుల్లో ఉంది? జవాబు తెలిస్తే విషయం వచ్చేసినట్టేనని పదేళ్లుగా నూరిపోసిన పిల్లలకు స్టాక్‌ఫిష్ ఇంకో కీ పేపరే. సీమ పిల్లలు మొండిగా కష్టపడతారు, గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. ఆ కష్టాన్ని జవాబులు సరిచూసుకోవడానికి ఖర్చుపెట్టిస్తున్నది మనమే. గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణనూ హారికనూ గుంటూరు ఇచ్చింది, అర్జున్ ఎరిగైసిని వరంగల్ ఇచ్చింది. ఆ స్థాయి పేరు సీమ నుంచి రావాలంటే ముందు మారాల్సింది ఇదే.

జిల్లా టోర్నీల నిర్వాహకులు వచ్చే సీజన్‌కే రెండు పనులు చేయొచ్చు. హాలు పక్కన ఫోన్లు తేకూడని ఒక గది, అందులో నాలుగు బోర్డులు పెట్టడం ఒకటి. కార్బన్ కాపీ స్కోర్‌షీట్లు ఇచ్చి, పిల్లలు తమ ఆట మీద చేత్తో రాసుకొచ్చిన విశ్లేషణల్లో మేలైనదానికి, మూడో స్థానం ట్రోఫీ ఖర్చుతోనైనా సరే, ఒక బహుమతి ఇవ్వడం రెండోది. గెలిచిన ఆటకు కాదు, ఓడిన ఆట మీద రాసినదానికి.