డబ్బా ఖాళీగా ఇవ్వకూడదు

సంక్రాంతికి ఊరెళ్తూ బ్యాగులో వాకింగ్ షూస్ కూడా పెట్టుకున్నాను. రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద ఐదు కిలోమీటర్లు నడుద్దామని. అవి వెళ్ళినవి వెళ్ళినట్టే, లేసు కూడా ఊడకుండా, మళ్ళీ కూకట్‌పల్లి చేరాయి. నేను మాత్రం వెళ్ళినవాడిని వెళ్ళినట్టు రాలేదు.

భోగి నాడు మంట దగ్గరే తెల్లారిపోయింది, పండగ రోజు ఎలాగూ కుదరదు, కనుమ నాడైనా కదులుదామని షూస్ బయటికి తీస్తే మా అమ్మ "కనుమ నాడు కాకైనా కదలదురా, నువ్వెక్కడికి?" అంది. సరేలెమ్మని అరుగు మీద కూర్చున్నా. అరగంటలో గారెల పళ్ళెం వచ్చింది, "కనుమ నాడు మినుము తినాలి నాన్నా" అంటూ. ఒక సామెత కదలనివ్వదు, ఇంకోటి కదలకుండా ఉన్నవాడికి తినిపిస్తుంది. రెండూ ఒకే రోజుకి ఎవరు కుదిర్చారో గానీ, ఆయన మాత్రం కచ్చితంగా సన్నగా ఉండి ఉండడు. గారెల్లోకి నాటుకోడి పులుసు. దానికి సామెత కూడా అక్కర్లేదు.

వచ్చిన మర్నాడు బరువు చూసుకున్నా. వెళ్ళేటప్పుడు 78.4, ఇప్పుడు 81.9. మెషీన్ని హాల్లో, వంటింట్లో, బాత్రూమ్ ముందు, మూడు చోట్లా పెట్టి చూశా. బాత్రూమ్ ముందు 81.7 చూపించింది కాబట్టి దాన్నే ఖాయం చేసుకుని లెక్కలేసుకున్నా. ఒక కిలో కొవ్వు చేరాలంటే దాదాపు 7,700 కేలరీలు అదనంగా తినాలి, అంటే ఈ 3.3 కిలోలకి పాతికవేల పైచిలుకు, ఆరు రోజుల్లో మనిషన్నవాడు అంత తినగలడా? (అరిసెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాక, ఆ ప్రశ్న వేసుకోకుండా ఉండాల్సింది అనిపించింది.) కాబట్టి చాలావరకు నీరే. పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్నప్పుడు గ్రాముకి మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది, పైగా ఆవకాయలో ఉప్పు. ఇదంతా మా ఆవిడకి ఓపిగ్గా వివరించాను.

"మరి ఆ నీళ్ళన్నీ వెళ్ళి ప్యాంటు బొత్తాం దగ్గరే ఎందుకు ఆగాయండీ?" అంది.

సోమవారం నుంచి పద్ధతిగా ఉందామనుకున్నా. పొద్దున రాగి జావ, రాత్రి రెండు పుల్కాలు. సోమవారం బాగానే గడిచింది, తొమ్మిదింటి వరకూ. తర్వాత పూతరేకుల పెట్టె గుర్తొచ్చింది. చూడబోతే కాగితం, నోట్లో పెడితే మాయం, దాన్ని తిండి కింద ఎవరైనా లెక్కేస్తారా అని ఒకటి తీశా. నాలుగోదానికి లైటు వెలిగింది. వంటింటి లైటు. మా ఆవిడ.

ఇంట్లో ఉంటే కదా తినేది, అపార్ట్‌మెంట్‌లో పంచేద్దాం అన్నాను. ఈ ఆలోచన నాదే, అందుకని ఇంకెవరినీ అనలేను. అమ్మ కట్టిచ్చిన అరిసెలు, సున్నుండలు, జంతికలు, మిగిలిన పూతరేకులు, అన్నీ పట్టుకుని మెషీన్ ఎక్కి నా బరువు తీసేస్తే 6.2 కిలోలు తేలింది. అమ్మ అడిగితే చెప్పడానికి కొంచెం ఉంచుకుని, నాలుగు కిలోలు నాలుగు డబ్బాల్లో సర్ది నాలుగు ఫ్లాట్లకి ఇచ్చొచ్చా. ఆ రాత్రి కీరా ముక్కలు తిని పడుకున్నా. ఎంత తేలిగ్గా ఉందో ఒళ్ళు!

రెండు రోజుల తర్వాత డబ్బాలు తిరిగి రావడం మొదలైంది.

మొదట 204 వాళ్ళు. మదురై వైపు వాళ్ళు. "పండగకి మీరు లేరు కదా, మీకోసం మళ్ళీ చేశాం" అని డబ్బా నిండా చక్కెర పొంగలి, మూత తీస్తే పైన నెయ్యి ఇంకా కదులుతోంది. సాయంత్రం 405 నుంచి నువ్వుల లడ్డూలు. వాళ్ళది షోలాపూర్, తిల్‌గుళ్ రథసప్తమి దాకా పంచుతూనే ఉంటారట, ఇంకా చాలా రోజులుంది. మర్నాడు 101లో పెద్దావిడ వచ్చారు. ఆవిడది భీమవరం. "మీ అరిసెల్లో పాకం కొంచెం ముదిరింది బాబూ, ఇవి తిని చూడండి" అని ఇరవై అరిసెలు పెట్టి వెళ్ళారు. తిని చూశా. నిజమే, ముదిరింది. ఈ మాట మా అమ్మకి మాత్రం చేరకూడదు, చేరితే వచ్చే పండక్కి రెట్టింపు చేసి పంపిస్తుంది.

చివరగా 302. వరంగల్ వాళ్ళు, సకినాలు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చేత్తో చుట్లు చుట్లుగా తిప్పి వేయించే ఆ పనితనం ముందు డైటింగ్ అనే మాట ఎత్తడమే అమర్యాద. నిలబడే ఆరు తినేశా.

ఆ రాత్రి మళ్ళీ అన్నీ పట్టుకుని మెషీన్ ఎక్కా. పంచినవి నాలుగు కిలోలు, వచ్చినవి నాలుగు కిలోల ఏడు వందలు. నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏ ఏడాదీ ఇంత పెరగలేదు.

అయిందేదో అయింది, ఇక్కడితో ఆగిందిలే అనుకుంటుంటే మా ఆవిడ గట్టు మీదున్న పెద్ద స్టీలు డబ్బా చూపించింది. అది మాది కాదు. మా డబ్బాలో పడితే సకినాలు విరుగుతాయని 302 వాళ్ళు తమ డబ్బాలోనే తెచ్చిచ్చారు.

"కడిగి ఇచ్చేద్దాం" అన్నా.

"ఉత్త డబ్బా ఎలా ఇస్తామండీ?"

"కీరా ముక్కలు పెట్టి ఇద్దాం."

ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. ప్రస్తుతం కోరు ముందు కూర్చుని కొబ్బరి కోరుతున్నా. లౌజు ఉండలట. రుచి సరిపోయిందో లేదో చూడ్డానికి ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు.