కట్ట మీద పొద్దుపోయే చోటు

నెల్లూరుకు మునిసిపాలిటీ 1866లో వచ్చింది, కార్పొరేషన్ 2004లో. ఈ రెంటి నడుమ కాలంలో ఊరి జనం సాయంత్రం పూట చేరిన చోట్లు చూడండి. రంగనాయకుల గుడి పక్కన పెన్న ఇసుక, స్వర్ణాల చెరువు కట్ట, వీఆర్ కాలేజీ (వీఆర్సీ) గ్రౌండు. ఇందులో ఒక్కటీ కాలక్షేపం కోసం పుట్టింది కాదు. చెరువు పొలాలకు, గ్రౌండు కాలేజీకి, ఏటి గట్టు దేవుడికీ చాకిరేవుకూ. అసలు పని సద్దుమణిగాక మిగిలిన వేళ జనానిది. నలుగురూ కూడడానికే కట్టిన రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం కూడా దాత పేరుతోనే నిలబడింది, మునిసిపాలిటీ పేరుతో కాదు.

పని ఉన్న చోటికి రోజంతా మనుషులు వస్తూపోతూ ఉంటారు కాబట్టి ఊరికే కూర్చున్నవాణ్ణి ఎవరూ అడగరు. పార్కు అలా కాదు. గేటు, టైము, వాచ్‌మన్. 'నడవడానికే' అని బోర్డు కూడా పెడితే ఇక కూర్చునేవాడు తప్పు చేసినట్టే.

స్వర్ణాల చెరువు దీనికి మంచి ఉదాహరణ. మొహర్రం నెలలో ఆ చెరువు ఒడ్డునే ఉన్న బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు లక్షల మంది వస్తారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒకరు 'ఉద్యోగం రొట్టె' అంటారు, పక్కనామె 'పెళ్లి రొట్టె' అంటుంది. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు కొంగు పట్టి తీసుకుంటారు. కులం, మతం అడిగే పనే లేదు. ఆ నాలుగైదు రోజులూ మరుగుదొడ్లు, మంచినీళ్లు, లైట్లు అన్నీ వస్తాయి. పండగ అవగానే తాత్కాలికంగా పెట్టినవన్నీ లారీ ఎక్కుతాయి. మరుగుదొడ్డి లేని కట్ట మీద ఆడవాళ్లు గంటకు మించి కూర్చోలేరు. చెరువు గట్లను సుందరీకరించే ఏ పథకమైనా ముందు చూడాల్సింది ఇది, ఫౌంటెన్ కాదు.

రెండోది నీడ. మట్టికట్ట మీద పెద్ద చెట్లు వద్దని ఇంజనీర్లు అనడంలో న్యాయం ఉంది. వేరు కుళ్లితే ఆ బొరియ వెంట నీళ్లు దారి చేసుకుంటాయి, కట్ట జారుతుంది. అందుకని చెట్టే మానేసి కుండీల్లో తాటిజాతి అలంకార మొక్కలు పెడితే నీడ ఎక్కడిది? కట్ట దిగువన, అడుగుకు దూరం వదిలి వేపో కానుగో వెయ్యాలి. మొదలు చుట్టూ కనీసం మూడడుగులు మట్టిగానే వదలాలి. మొదలు దాకా టైల్స్ పరిస్తే నీళ్లు దిగవు, వేళ్లు పైపైనే పాకి టైల్స్‌ను లేపుతాయి, కార్తీకంలో వాయుగుండం గాలికి చెట్టు పక్కకు ఒరుగుతుంది. ఇక గ్రానైటు బెంచీలు. రోహిణి కార్తెలో పడమటి ఎండ పడ్డ రాయి దీపాలు పెట్టే వేళకు కూడా చల్లారదు. జనం బెంచీ వదిలేసి నేల మీదే కూర్చుంటే నాగరికత లేదని విసుక్కుంటాం!

పెన్న సంగతి వేరు. ఎగువన 78 టీఎంసీల సోమశిల కట్టాక నీటి రాకడ మారింది. ఇసుక తవ్వి వదిలేసిన గుంటలు నీళ్ల కింద కనపడవు. పిల్లల్ని ఏటికి పంపడానికి ఇళ్లల్లో జంకుతున్నారంటే తప్పు వాళ్లది కాదు.

కొత్త కాలనీల్లో మాత్రం జాగా కాగితం మీదే మాయమైంది. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలాలని నిబంధన. వదలని వాటిని 2020 నాటి క్రమబద్ధీకరణలో ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకుని సరిపెట్టారు. ఆ డబ్బుతో అదే కాలనీలో మళ్లీ స్థలం కొన్నది ఎక్కడ? వదిలామన్నవాళ్లూ చాలాసార్లు చూపేది కాలువ పక్క సన్నటి ముక్క, లేదా హైటెన్షన్ తీగల కింద మూల. ప్లాటు కొనేవాళ్లు ప్లానులో ఆకుపచ్చ రంగు చూసి ఊరుకోకుండా, ఆ ముక్కను పంచాయతీకో కార్పొరేషన్‌కో గిఫ్ట్ డీడ్ (దానపత్రం) చేశారా లేదా అడగాలి. అది లేకపోతే పదేళ్లలో అక్కడ ఇంకో ఇల్లు లేస్తుంది.