ఒక్క జన్యువుతో తేలే లెక్క కాదు

కుక్క మనిషిని ఇష్టపడడానికి ఒక జన్యువే కారణమని మీ వ్యాసంలో తేల్చేశారు. అంత తేలిక కాదండీ. 2017లో జన్యు శాస్త్రవేత్త బ్రిడ్జెట్ వాన్‌హోల్ట్ బృందం చూసింది కుక్కల్లో ఆరో క్రోమోజోమ్‌లోని (జన్యువులుండే పోగులోని) ఒక ప్రాంతాన్ని. అక్కడ జీటీఎఫ్2ఐ, జీటీఎఫ్2ఐఆర్‌డీ1 జన్యువుల్లో వచ్చిన మార్పులకూ, మనుషులను అంటిపెట్టుకునే గుణానికీ సంబంధం కనిపించింది. ప్రవర్తన పరీక్షించింది 18 కుక్కలు, 10 తోడేళ్ల మీదే. ఈ సంగతి వ్యాసంలో రాయాల్సింది. మనుషుల్లో ఇదే ప్రాంతం ఏడో క్రోమోజోమ్ నుంచి ఊడిపోతే విలియమ్స్ సిండ్రోమ్ అనే జన్యు రుగ్మత వస్తుంది. ఆ పిల్లలు కొత్తవాళ్లతోనూ ఇట్టే కలిసిపోతారు, నిజమే. చాలామందికి గుండె సమస్యలూ ఉంటాయి. అలాంటిదాన్ని మీరు 'ప్రేమ జన్యువు' అని ముద్దుగా పిలవడం నాకు నచ్చలేదు.

బెంగళూరులో మా మారతహళ్లిలో ఒకే ఈతలో పుట్టిన రెండు వీధి కుక్కలున్నాయి. డెలివరీ బండి ఆగితే చాలు, ఒకటి తోక ఊపుకుంటూ పోతుంది. రెండోది రోజూ అన్నం పెట్టే ఆంటీ దగ్గరికి కూడా రాదు. కుక్కపిల్ల పుట్టిన మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా మనుషుల మధ్య ఎలా పెరిగిందన్నది చాలా ముఖ్యం. ఇప్పటికే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 'వీధి కుక్కలకు కోపం జీన్స్‌లోనే ఉంది' అని వాదిస్తున్నారు, వాళ్లకిప్పుడు మీ వ్యాసం లింకు దొరికింది!

కోల్‌కతాలోని సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్‌లో అనిందితా భద్ర బృందం మన వీధి కుక్కల మీదే పనిచేసింది. తిండి పెట్టడం కన్నా తల నిమిరితేనే అవి కొత్త మనిషిని ఎక్కువ నమ్మాయని చూపించింది. మీ వ్యాసంలో దాని ఊసే ఎత్తలేదేం?