మైకులో అడిగే మాటేనా అది?

మొన్న సద్దుల బతుకమ్మనాడు మన హాల్లో వాయినాలు ఇచ్చుకుంటుంటే ఒక పెద్దామె మైకు అందుకుని, పెళ్లై ఆరేళ్లైన హన్మకొండ కోడలిని పేరుపెట్టి పిలిచి, "వచ్చే ఏడు చంకన బిడ్డతో రావాలె, లేకుంటే వాయినం లేదు" అన్నది. అందరూ నవ్వారు. ఆ పిల్ల మలీద పళ్లెం అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

దీవెనే కదా అంటారు. మేడారం జాతరకు సారలమ్మ కదిలేవేళ కన్నెపల్లిలో పిల్లల కోసం తడిబట్టలతో వరం పట్టేవాళ్ల నమ్మకం మీద మాకు పేచీ లేదు. కోడలినొక్కదాన్నే దవాఖానకు పంపడం మీదే పేచీ. మొదట తేలాల్సింది మగాడి వీర్యపరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనానికి దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు, సూది లేదు, మత్తు లేదు. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి లోపమూ కలిసి ఉంటుంది. ఆ కాగితం రాకముందే ఆమెకు గర్భనాళాల ఎక్స్‌రే, కడుపులోకి గొట్టం పంపి చూసే లాపరోస్కోపీ!

ఇక సెలవు లెక్క. మూడు వారాల టికెట్‌తో ఇండియాకు వెళ్లి ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యాన్ని ల్యాబులో కలిపి పిండం చేసే చికిత్స) చేయించుకొస్తామంటారు. అండాలు పెంచే సూదులు మొదలయ్యేది చాలావరకు నెలసరి రెండో, మూడో రోజున, విమానం దిగిన రోజున కాదు. సుమారు 10–12 రోజుల సూదులు, మధ్యమధ్య స్కానింగులు. ఫాలికిల్స్ (అండాలు పెరిగే తిత్తులు) 18 మిల్లీమీటర్ల దాకా పెరిగాక ట్రిగ్గర్, అంటే అండాలను పక్వం చేసే చివరి సూది. రాత్రి 10కి అంటే 10కే వేసుకోవాలి. అండాలు తీసేది దాదాపు 36 గంటలకు, ఎల్లుండి పొద్దున. తొందరపడితే అండాలు పచ్చిగా ఉంటాయి, ఆలస్యమైతే జారిపోతాయి. పిండం గర్భంలో పెట్టదగ్గ బ్లాస్టోసిస్ట్ దశకు రావడానికి ఇంకో ఐదు రోజులు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాల విడుదల సరిగా జరగని సమస్య) ఉన్నవాళ్లకు అండాశయాలు ఉబ్బి కడుపులో నీరు చేరే ముప్పు ఎక్కువ. అలాంటప్పుడు పిండాలన్నీ ఫ్రీజ్ చేసి, గర్భంలో పెట్టడం మరో నెలకు వాయిదా వేస్తారు. టికెట్ చూపించి డాక్టరును తొందరపెట్టకండి. ఫ్రీజ్ చేయకుండా వెంటనే పెట్టినా గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ (గర్భధారణ హార్మోన్) రక్తపరీక్షకు మరో 10–14 రోజులు. ఆగలేక ఇంట్లో మూత్రపరీక్ష చేస్తే ట్రిగ్గర్‌లోని హెచ్‌సీజీయే రెండు గీతలు చూపించవచ్చు, అత్తగారు వాట్సాప్‌లో ఊరంతా చెప్పేస్తారు.

కాబట్టి రెండు నెలలు పెట్టుకోండి. భర్తకు అంత సెలవు లేకుంటే నమూనా ఇవ్వడానికి ముందుగా వెళ్లి, అక్కడే ఫ్రీజ్ చేయించి రావచ్చు. ఆమెకు 35 ఏళ్లు దాటితే ఆరు నెలలు ప్రయత్నించాక డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇక ఎదురుచూడొద్దు, మొక్కులు నడుస్తున్నా సరే.

బతుకమ్మ కమిటీ అక్కలకు మా విన్నపం ఒక్కటే. ఆ వాయినం ఆమె ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. ఏమీ అడక్కండి.