లెడ్లీ కింగ్ మీద జాలి పడకండి

"ఆ మోకాలు బాగుండి ఉంటే ఎంతటివాడు అయ్యేవాడో!" లెడ్లీ కింగ్ పేరెత్తితే చాలు, ఈ మాట వచ్చి తీరుతుంది. దాని వెనకే ఒక నిట్టూర్పు. ఫుట్‌బాల్ ఇష్టపడేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి వింటున్నాను, ఇక విని ఊరుకోవడం నా వల్ల కాదు. అనేవాళ్లకు అతనంటే ఇష్టమే, కాదనను. కానీ ఆ ఇష్టం అతను ఆడిన 323 మ్యాచ్‌లను అటకెక్కించి, ఆడలేకపోయినవాటిని వేళ్ల మీద లెక్కపెడుతుంది. కడుపునిండా భోజనం పెట్టిన మనిషి ముందు కూర్చుని, పెట్టని వంటకం గురించి బాధపడటం లాంటిది ఇది.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. కింగ్ 1980లో లండన్ తూర్పు ప్రాంతంలోని బో అనే చోట పుట్టాడు. 1999 మేలో, పద్దెనిమిదేళ్ల వయసులో, లివర్‌పూల్ సొంత మైదానమైన యాన్‌ఫీల్డ్‌లో ఉత్తర లండన్ క్లబ్బు టాటెన్‌హామ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. 2012 జులైలో, ముప్పై ఒకటో ఏట, ఆట మానేశాడు. ఈ రెండింటి మధ్య మరో క్లబ్బు చొక్కా వేసుకోలేదు. ఇంగ్లండ్‌కు 21 సార్లు ఆడాడు. సెంటర్ బ్యాక్, అంటే గోల్‌కీపర్ ముందు నడిమధ్యన నిలబడి దాడులను ఆపేవాడు.

ఇక మోకాలు. "మోకాలి గుజ్జు అరిగిపోయింది" అనే మాట మన ఇళ్లలో అరవై దాటినవాళ్ల గురించి వింటాం. మా అమ్మకు అదే బాధ. ఆమె మెట్లు దిగుతుంటే నేను కింద నిలబడి చూస్తుంటాను. ముందు కుడిచెయ్యి గోడను వెతుక్కుంటుంది. నొప్పి ఉన్న కాలిని కింది మెట్టు మీద ఆనించి, రెండో కాలిని దాని పక్కకు తెచ్చుకుంటుంది. ఆ తర్వాతే ఇంకో మెట్టు. మధ్యలో తప్పకుండా ఒకసారి ఆగుతుంది. ఆగినప్పుడు నొప్పి అని చెప్పదు, "వీధిలో ఎవరో పిలిచినట్టుంది" అంటుంది.

కింగ్ మోకాలిలో ఆ గుజ్జు ఇరవైల్లోనే అరిగిపోయింది. ఆపరేషన్లు జరిగాయి, అరిగినది మాత్రం తిరిగి రాలేదు. ఎముకకు ఎముక రాసుకునే కాలితో అతను ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో ద్రోగ్బా, రూనీ లాంటి గోల్ వీరులకు ఎదురు నిలబడ్డాడు. మ్యాచ్ అయిన తర్వాత మోకాలు వాచేది. అది తగ్గేసరికి వారం గడిచేది, మళ్లీ మ్యాచ్ వచ్చేది. అందుకని చివరి కొన్నేళ్లు జట్టుతో కలిసి సాధన చేయడమే మానేశాడు. మిగతావాళ్లు మైదానంలో పరుగులు తీస్తుంటే అతను ఈతకొలనులో, జిమ్‌లో కాలాన్ని గడిపేవాడు. ఆ కాలిని మ్యాచ్ రోజు కోసం దాచుకునేవాడు.

ఇది ఎంత కష్టమైన సంగతో డిఫెన్స్ ఆడినవాళ్లకు తెలుస్తుంది. ముందు వరుసలో ఆడేవాడు ఒక మెరుపుతో మ్యాచ్ గెలిపించవచ్చు. వెనక నలుగురూ మాత్రం ఒకే తాడుతో కట్టినట్టు కదలాలి. ఒకడు ముందుకు వెళ్తే మరొకడు ఎంత వెనక్కి జరగాలి, ఆఫ్‌సైడ్ గీత ఎక్కడ పెట్టాలి, గోల్‌కీపర్ ఎప్పుడు అరుస్తాడు, ఇవన్నీ వారమంతా కలిసి చేస్తేనే ఒంటబడతాయి. కింగ్ వారమంతా దూరంగా ఉండి, మ్యాచ్ రోజున వచ్చి, ఆ నలుగురి మధ్యలో నిలబడి, మిగతావాళ్లను తానే సర్దేవాడు. అతను ఉన్న రోజున టాటెన్‌హామ్ వెనక వరుస వేరే జట్టులా కనిపించేది. హ్యారీ రెడ్‌నాప్ శిక్షకుడిగా ఉన్నప్పుడు కింగ్ ఆడగలడా లేదా అన్నది మ్యాచ్‌కు ముందు మా లాంటివాళ్లందరికీ మొదటి ప్రశ్న. జట్టు జాబితాలో ఆ పేరు కనిపిస్తే గుండె కుదుటపడేది.

పరుగు తగ్గినా అతని ఆట తగ్గలేదని నేను గట్టిగా నమ్ముతాను. అతను మొదటి నుంచీ కాళ్ల కంటే ముందు కళ్లతో ఆడాడు. చాలామంది డిఫెండర్లు బంతి తమ దగ్గరకు వచ్చాక తొందరపడి కాలు విసురుతారు. ఎదుటివాడు కోరుకునేది అదే. కింగ్ విసరడు. ఎదుటివాడికి సగం అడుగు దూరంలో ఒంటిని కాస్త పక్కకు తిప్పి, వెనక్కి నడుస్తూ ఉంటాడు. ఎదుటివాడు బంతిని ఒక్కసారి కాస్త గట్టిగా తన్నేదాకా ఎదురుచూస్తాడు. ఆ ఒక్క తన్ను పడగానే బంతి కింగ్ పాదం దగ్గర ఉంటుంది. చొక్కా పట్టుకోవడం, మోచేత్తో పొడవడం, కిందపడేసి చేతులెత్తి అమాయకంగా నిలబడటం, ఇవేవీ అతనికి అవసరం పడలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో అందరినీ వణికించిన థియరీ హెన్రీ, పట్టుకోకుండా లాగకుండా తన దగ్గర బంతిని తేలిగ్గా లాక్కోగలిగేది కింగ్ ఒక్కడేనని చెప్పాడు. హెన్రీ ఆడింది ఆర్సెనల్‌కు. టాటెన్‌హామ్‌కు అంతకంటే పెద్ద శత్రువు లేదు. శత్రువు నోటి నుంచి వచ్చిన ఆ మాట ఒక్కటి చాలదా?

ఆ మాటకు సాక్ష్యం కావాలంటే 2004 యూరో కప్పులో లిస్బన్‌లో ఫ్రాన్స్‌తో జరిగిన మ్యాచ్ చూడండి. గాయంతో చెల్సీ డిఫెండర్ జాన్ టెరీ ఆడలేకపోతే ఇరవై మూడేళ్ల కింగ్‌ను దింపారు. ఎదురుగా హెన్రీ, ఫ్రాన్స్ దిగ్గజం జిదాన్. తొంభై నిమిషాలదాకా ఇంగ్లండ్ 1-0 ఆధిక్యంలో ఉంది. ఆ తర్వాత జిదాన్ ఒక ఫ్రీ కిక్, ఒక పెనాల్టీ కొట్టి మ్యాచ్ లాక్కుపోయాడు. ఆ రెండూ కింగ్ చేసిన తప్పు వల్ల వచ్చినవి కావు. మ్యాచ్ ఓడిపోయారు కాబట్టి అతని తొంభై నిమిషాలు ఎవరికీ గుర్తులేవు. డిఫెండర్ బతుకే అంత. వేసిన గోల్‌ను వందసార్లు వేసి చూపిస్తారు, పడకుండా ఆపిన గోల్‌కు స్కోరుబోర్డు మీద చోటే లేదు.

అయితే పడకుండా ఆపిన ఒక్క గోల్ మాత్రం జనం మరచిపోలేదు. 2006 నవంబరు 5, టాటెన్‌హామ్ సొంత మైదానం వైట్ హార్ట్ లేన్. ఎదుట చెల్సీ, వరుసగా రెండేళ్లు ఛాంపియన్లు. చెల్సీ ఆటగాడు ఆర్యెన్ రాబెన్ బంతితో టాటెన్‌హామ్ డిఫెన్స్‌ను దాటేశాడు. ముందు గోల్‌కీపర్ పాల్ రాబిన్సన్ తప్ప ఎవరూ లేరు. ఆ కాలంలో రాబెన్ అలా దూసుకెళ్తే వెనక నుంచి పట్టుకున్నవాళ్లు అరుదు. కింగ్ వెనక్కి తిరిగి పరుగెత్తాడు. మొదట ఇద్దరి మధ్యా స్పష్టంగా ఖాళీ కనిపిస్తుంది. రెండు అంగల్లో అది సగమవుతుంది. పెనాల్టీ పెట్టెలోకి వచ్చేశారు. ఇక్కడ వెనక నుంచి కాలు పెడితే, వెంట్రుకవాసి తేడా వచ్చినా పెనాల్టీ, బహుశా ఎర్రకార్డు. రాబెన్ కొట్టడానికి సిద్ధమయ్యే లోపల కింగ్ జారి, కాలు చాచి బంతిని మాత్రం తీసేశాడు. రాబెన్ కాలిని తాకలేదు. మైదానమంతా లేచి నిలబడి, గోల్ పడినంత గట్టిగా అరిచింది. ఆ మ్యాచ్ టాటెన్‌హామ్ 2-1తో గెలిచింది. సొంత మైదానంలో లీగ్ మ్యాచ్‌లో చెల్సీని ఓడించడం 1987 తర్వాత అదే మొదటిసారి. గోల్స్ కొట్టింది డాసన్, లెనన్. ఇన్నేళ్ల తర్వాత ఆ మ్యాచ్ అంటే జనానికి గుర్తొచ్చేది బంతి లాక్కున్న ఆ కింగ్ ట్యాకిల్. ఒక ట్యాకిల్ గోల్స్‌ను మించి గుర్తుండిపోయిన మ్యాచ్‌లు ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి.

జాలి పడేవాళ్లకు జాన్ టెరీతో పోలిక పెట్టడం అలవాటు. ఇద్దరూ చిన్నప్పుడు తూర్పు లండన్‌లో సెన్‌రాబ్ అనే ఒకే కుర్రాళ్ల జట్టులో ఆడారు. టెరీకి అయిదు ప్రీమియర్ లీగ్ టైటిళ్లు, ఇంగ్లండ్‌కు 78 మ్యాచ్‌లు. కింగ్‌కు ఒక లీగ్ కప్పు, 21 మ్యాచ్‌లు. "చూశారా, ఎంత అన్యాయం" అంటారు. అల్మారాలో కప్పులు లెక్కపెట్టి మనిషిని కొలిచే ఈ పద్ధతి నాకు నచ్చదు. ఆ ఒక్క కప్పు ఎలా వచ్చిందో చూడండి. 2007-08లో కింగ్ లీగ్‌లో ఆడగలిగింది నాలుగే మ్యాచ్‌లు. 2008 ఫిబ్రవరిలో వెంబ్లీలో చెల్సీతో ఫైనల్‌కు మాత్రం కెప్టెన్‌గా వచ్చాడు. అదనపు సమయంతో కలిపి 120 నిమిషాల పోరు. ద్రోగ్బా ముందు గోల్ కొట్టాడు, బెర్బటోవ్ పెనాల్టీతో సమం చేశాడు, అదనపు సమయంలో వుడ్‌గేట్ తలకు తగిలి బంతి లోపలికి వెళ్లింది. రాబీ కీన్‌తో కలిసి కింగ్ కప్పు ఎత్తాడు. ఆ తర్వాత టాటెన్‌హామ్ మరో కప్పు చూడటానికి 2025 దాకా, పదిహేడేళ్లు పట్టింది. మోకాళ్లు బాగున్న కెప్టెన్లు ఆ మధ్యలో ఎందరో వచ్చి వెళ్లారు.

2010 మే కూడా చెప్పాలి. ఆ సీజన్‌లో కింగ్ లీగ్‌లో ఆడింది ఇరవై మ్యాచ్‌లు. మాంచెస్టర్ సిటీ మైదానంలో నాలుగో స్థానం ఎవరిదో తేలే రాత్రి అతను వెనక ఉన్నాడు. పీటర్ క్రౌచ్ గోల్‌తో టాటెన్‌హామ్ 1-0తో గెలిచి యూరప్ మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌కు మొదటిసారి దారి వేసుకుంది. ఆ ఆట చూసే ఇంగ్లండ్ శిక్షకుడు కపెల్లో అతన్ని దక్షిణాఫ్రికా ప్రపంచకప్పుకు తీసుకెళ్లాడు. అక్కడ అమెరికాతో మొదటి మ్యాచ్‌లోనే, సగం ఆట ముగిసేసరికి గజ్జల్లో కండరం పట్టేసింది. ఇంగ్లండ్ తరఫున అదే చివరి మ్యాచ్. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, దాచను. అయినా ఆ నలభై అయిదు నిమిషాల కోసం అతని పదమూడేళ్ల ఆటను విషాదగాథగా మార్చడానికి ఒప్పుకోను.

అతను వేరే క్లబ్బుకు ఎందుకు వెళ్లలేదని కొందరు అడుగుతారు. 2001లో సోల్ క్యాంప్‌బెల్ టాటెన్‌హామ్ వదిలి, పైసా బదిలీ రుసుము లేకుండా ఆర్సెనల్‌కు వెళ్లిపోయాడు. ఆ దెబ్బకు ఉత్తర లండన్‌లో సగం మంది గుండెలు పగిలాయి. ఆ ఖాళీలో నిలబడింది ఇరవై ఏళ్ల కింగ్. అభిమానులకు మళ్లీ ఒక డిఫెండర్‌ను నమ్మవచ్చని చూపించింది అతనే.

ఇంత చెప్పాక ఒక భయం కూడా చెప్పాలి. కింగ్‌ను చూపించి కుర్రాళ్లను "నొప్పి ఓర్చుకుని ఆడు" అనే పెద్దలు ఉన్నారు. మా తమ్ముడు కాలేజీలో ఆడే రోజుల్లో మోకాలికి గుడ్డ పట్టీ చుట్టుకుని వెళ్లేవాడు. పట్టీ విప్పితే కింద చర్మం మీద అల్లిక అచ్చు పడి ఉండేది. "మగాడివి కాదా, ఓర్చుకో" అన్నారు అతనికి నేర్పించేవారు. వాడు ఇప్పుడు కింద కూర్చోలేడు. కింగ్ చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అతను తన కాలు ఎంత మోయగలదో గీత గీసుకున్నాడు, సాధన మానేశాడు, ఆడలేని మ్యాచ్‌లు వదిలేశాడు. 2010-11లో లీగ్‌లో ఆరు మ్యాచ్‌లే ఆడాడు. ముప్పై ఒకటికి చాలు అని ఆగాడు. అతని పేరు వాడుకుని పిల్లల మోకాళ్లు పాడుచేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

మొన్న ఆదివారం మా అమ్మకు ఆ రాబెన్ ట్యాకిల్ వీడియో చూపించాను. ఆమెకు ఫుట్‌బాల్ తెలియదు. ఈ అబ్బాయికి కూడా నీలాగే గుజ్జు అరిగిందమ్మా, అయినా ఇంకా ఆరేళ్లు ఆడాడు అని చెప్పాను. కళ్లజోడు సవరించుకుని, ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. రాబెన్ పరుగు ఆమెకు పట్టలేదు. బంతి ఎటు పోయిందో చూడలేదు. కింగ్ గడ్డి మీద జారి ఆగిన చోటే ఆమె వేలు తెర మీద ఆగింది.

"అంత కింద పడ్డాడు కదా నాన్నా, మళ్లీ ఎలా లేచాడు? ఇంకొకసారి వెయ్యి, చూస్తాను" అంది.