చంపే శక్తి ఒక్కటే కొలిస్తే సరిపోదు

కప్ప చర్మంలోని మెగైనిన్‌నీ, తేనెటీగ విషంలోని మెలిటిన్‌నీ మీరు రాసిన వ్యాసంలో పక్కపక్కన పెట్టి, బ్యాక్టీరియాను చంపడంలో మెలిటిన్‌దే పైచేయి అన్నారు. నాకు ఈ పోలిక సగమే అనిపించింది. రెండూ చిన్న పెప్టైడ్‌లే, అంటే అమైనో ఆమ్లాలు గొలుసులా కలిసిన పొట్టి ప్రొటీన్ ముక్కలు. మెగైనిన్‌లో 23 అమైనో ఆమ్లాలు, మెలిటిన్‌లో 26. రెండూ కణం పైపొరకు చిల్లులు పొడుస్తాయి. కానీ బ్యాక్టీరియా పొర మీద రుణ (నెగటివ్) విద్యుదావేశం ఎక్కువ, మన కణాల పొరలో కొలెస్ట్రాల్ ఉంటుంది. మెగైనిన్ ఆ తేడాను చాలావరకు గుర్తిస్తుంది. మెలిటిన్ మాత్రం మన ఎర్ర రక్తకణాలను కూడా పగలగొడుతుంది. ఆ విషయం రాయకుండా ఏది గొప్పదో ఎలా చెప్తాం?

ఆపరేషన్ చేసిన కప్పలను మామూలు తొట్టి నీళ్లలో వదిలినా పుండ్లు చీము పట్టడం లేదని గమనించి, అమెరికా శాస్త్రవేత్త మైకేల్ జాస్లాఫ్ 1987లో మెగైనిన్‌ను బయటపెట్టారు. దాని నుంచి తయారైన పెక్సిగనాన్ క్రీమును షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండ్లకు వాడాలని చూశారు. 1999లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇవ్వలేదు. మా నాన్నగారు ఇలాంటి పుండుతోనే నెలల తరబడి బాధపడ్డారు, అందుకే ఈ మందు కథ నాకు అంత ముఖ్యం. వ్యాసంలో దాని ప్రస్తావనే లేదు. దయచేసి చేర్చండి.